ఆయిల్ తాగే ఆల్టో గురించి మేనల్లుడికి

అల్లుడూ,

నువ్వు సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2009 ఆల్టో ఆయిల్ తాగుతోందని, మీ ఊరి మెకానిక్ వెనక పొగ చూడగానే "ఇంజిన్ పని వచ్చింది, దించాల్సిందే" అన్నాడని రాశావు. ఇప్పుడే దించనివ్వకు. అతను అబద్ధం చెబుతున్నాడని అనను, చివరికి అతని మాటే నిజం కావచ్చు. కానీ అది తేలాలంటే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటన్నిటికీ కలిపి అయ్యే ఖర్చు, ఇంజిన్ పనికయ్యే దానిలో ఓ మూలకి కూడా రాదు.

ముందు ఎంత తాగుతోందో లెక్క తేల్చు. బండిని సమంగా ఉన్న చోట ఆపి, ఇంజిన్ కట్టేసి పది నిమిషాలు ఆగు. ఆయిల్ గేజి (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి తుడిచి, మళ్లీ పెట్టి చూడు. పై గీత దాకా ఆయిల్ పోసి మీటర్ రీడింగ్ రాసుకో. వెయ్యి కిలోమీటర్లలో ఎంత పోయాల్సి వచ్చిందో అదీ లెక్క. ఈలోగా రెండు మూడు వందల కిలోమీటర్లకోసారి గేజి చూస్తూ, తగ్గినప్పుడల్లా కొలిచి పోస్తూ ఉండు. ఆ చిన్న ఇంజిన్‌లో పట్టేదే మూడు లీటర్ల లోపు, లీటరు తగ్గిందంటే మూడో వంతుకు పైగా పోయినట్టే. ఆయిల్ కాలినంత మాత్రాన ఇంజిన్ పాడైపోదు. తగ్గింది చూసుకోకుండా నడిపితే బేరింగులు పట్టేసి పోతుంది. డాష్‌బోర్డు మీద ఎర్ర లైట్ వెలిగేది ప్రెషర్ పడిపోయాక. దాన్ని నమ్ముకుని కూర్చోకు.

కాలుతోందా, కారుతోందా అన్నది కూడా చూడాలి. రాత్రి బండి కింద ఓ అట్టముక్క వేసి పొద్దున చూడు. నడిచేటప్పుడు మాత్రమే కారే లీకులు అట్ట మీద కనబడవు. అందుకని ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) ప్యాకింగ్ చుట్టూ, ఆయిల్ ఫిల్టర్ దగ్గర, ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య దుమ్ము అంటుకుని నల్లగా తడిగా ఉందేమో టార్చి వేసి చూడు.

ఇక పొగ సంగతి. నీలంగా ఉంటేనే ఆయిల్ కాలుతున్నట్టు. నల్లపొగ అయితే పెట్రోల్ ఎక్కువ పోతోంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ తీపివాసనతో వస్తుంటే కూలెంట్ లోపలికి పోతోంది, అది వేరే జబ్బు. నీలం పొగ ఎప్పుడు వస్తోందన్నది ఇంకా ముఖ్యం. రాత్రంతా నిలబెట్టి పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున వచ్చి, కాసేపటికి ఆగిపోతే వాల్వ్ సీళ్లను (వాల్వ్ కాడ వెంబడి ఆయిల్ దిగకుండా ఆపే చిన్న రబ్బరు ముక్కలు) అనుమానించు. పైన నిలిచిన ఆయిల్ రాత్రికి రాత్రి వాల్వ్ కాడ వెంబడి కిందికి దిగి, స్టార్ట్ చేయగానే కాలుతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు గేర్‌లో ఉంచి కాలు తీసేసి, కింద మళ్లీ యాక్సిలేటర్ తొక్కగానే గుప్పుమన్నా సీళ్లు, గైడ్లే (వాల్వ్ కాడ ఆడే గొట్టాలు). అలా కాకుండా ఎత్తు ఎక్కుతున్నంత సేపూ, బరువు లాగుతున్నంత సేపూ వస్తుంటే రింగులు (పిస్టన్ చుట్టూ ఉండే లోహపు కట్లు). పాత బండి అమ్మేవాళ్లలో కొందరు నువ్వు వెళ్లేసరికి ఇంజిన్ వేడి చేసి ఉంచుతారు, పొద్దుటి పొగ కనబడకూడదని. చిక్కటి ఆయిల్ పోసి అమ్మేవాళ్లూ ఉన్నారు. మొదటి నెల బాగానే ఉంది, ఆయిల్ మార్చాకే మొదలైందన్నావుగా, నాకు అక్కడే అనుమానం.

రింగుల దగ్గరికి పోయే ముందు పీసీవీ వాల్వ్ చూడు. చాలామంది దీన్ని పట్టించుకోరు. ఇంజిన్ అడుగున క్రాంక్ దగ్గర చేరే గాలిని ఇన్‌టేక్‌లోకి (ఇంజిన్ గాలి పీల్చుకునే దారిలోకి) పంపే చిన్న వాల్వ్ ఇది. మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ దొరికిన దారినల్లా బయటికి తోసుకొస్తుంది. తెరుచుకునే ఉండిపోతే ఇన్‌టేక్ ఆయిల్‌ని పీల్చేస్తుంది. విప్పి చెవి దగ్గర ఊపితే టకటకలాడాలి. ఆడకపోతే కొత్తది వేయించి, ఆ పైపు కూడా శుభ్రం చేయించి, మళ్లీ వెయ్యి కిలోమీటర్ల లెక్క చూడు.

అక్కడా తేలకపోతే కంప్రెషన్ చెక్ చేయించు, అంటే ప్లగ్గు రంధ్రంలో గేజి పెట్టి సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో కొలవడం. ఇంజిన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ ఫుల్‌గా ఉండాలి. ఇంజెక్టర్ల కనెక్షన్, కాయిల్ కనెక్షన్ తీసేసి, మూడు ప్లగ్గులూ విప్పించి, యాక్సిలేటర్ పూర్తిగా తొక్కి పట్టి ఒక్కో సిలిండర్‌కు ఐదారు చుట్లు తిరిగేలా సెల్ఫ్ కొట్టాలి. యాక్సిలేటర్ తొక్కకుండా చూసి "కంప్రెషన్ లేదు" అనేవాళ్లున్నారు, నువ్వు పక్కనే ఉండు. బాగున్న పెట్రోల్ ఇంజిన్లలో మామూలుగా 150 నుంచి 200 పీఎస్ఐ మధ్య వస్తుంది. అంకె కంటే మూడింటి మధ్య తేడా ముఖ్యం. ఒకటి మిగతా వాటికంటే పది శాతానికి మించి తక్కువ ఉంటే దానిలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడమను. బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోయి ఉంటే హెడ్ (సిలిండర్ల మీద ఉండే ఇంజిన్ పైభాగం) ప్యాకింగ్ మీద కన్నేయి. విప్పిన ప్లగ్గుల్ని ఏది ఏ సిలిండర్‌దో తెలిసేలా వరసలో పెట్టు. నల్లగా తడిగా ఉన్నదే ఆయిల్ తాగే సిలిండర్.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. కంప్రెషన్ బాగానే ఉండి కూడా రింగుల దగ్గరే ఆయిల్ తాగొచ్చు. పిస్టన్ మీద పై రెండు రింగులు ముఖ్యంగా కంప్రెషన్ ఆపడానికి. మూడోది ఆయిల్ రింగు, పెనం మీద అట్లకాడతో గీకినట్టు గోడ మీది ఆయిల్‌ని గీకి కిందికి పంపుతుంది. దాని వెనక గాడిలో ఉండే సన్నటి రంధ్రాలు కార్బన్‌తో పూడుకుపోతే రింగు బిగుసుకుపోయి గీకడం మానేస్తుంది. కంప్రెషన్ గేజిలో మాత్రం అంకె బాగానే వస్తుంది, పైగా ఆయిల్ తడికి ఇంకాస్త ఎక్కువే చూపిస్తుంది. ఆయిల్ సమయానికి మార్చని బండ్లలో నేను ఎక్కువగా చూసింది ఇదే. దీనికి కార్బన్ కరిగించే లిక్విడ్‌ని ప్లగ్గు రంధ్రాల్లోంచి కొద్దికొద్దిగా పోసి, రాత్రంతా నాననిచ్చి చూడొచ్చు. అన్ని బండ్లకూ పని చేయదు కానీ ఇంజిన్ దించే ముందు ఓసారి చేసి చూడటం నష్టం లేని పని. పొద్దున ప్లగ్గులు బిగించకముందే, ఇంజెక్టర్, కాయిల్ కనెక్షన్లు తీసి ఉంచి, రంధ్రాల మీద గుడ్డ కప్పి సెల్ఫ్ కొట్టాలి. లోపల ద్రవం మిగిలి ఉండగా ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్డు (పిస్టన్‌ని క్రాంక్‌కు కలిపే కడ్డీ) వంగొచ్చు. సెల్ఫ్ కొట్టేటప్పుడు రంధ్రాల దగ్గర ముఖం పెట్టకు, కళ్లలో పడుతుంది. తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చాలి.

ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి చూడమని మెకానిక్ చెప్పే ఉంటాడు. బ్యాక్ కంప్రెషన్ అంటారే, అదే. కొంచెం ఆవిరి రావడం మామూలే. పీసీవీ వాల్వ్ బాగుండి కూడా గుప్పుగుప్పున పొగ తోసుకొస్తే మాత్రం రింగులు గానీ సిలిండర్ గానీ అరిగి ఉండొచ్చు.

పని తప్పదనుకుంటే, ఏది చేయించాలో నువ్వే నిర్ణయించుకో. సీళ్లే అయితే కొన్ని ఇంజిన్లకు హెడ్ దించకుండానే మార్చొచ్చు. ప్లగ్గు రంధ్రంలోంచి తాడు దూర్చి, పిస్టన్‌ని పైకి తెచ్చి వాల్వులు కింద పడకుండా ఆపుతారు. రింగులైతే హాఫ్ ఇంజిన్ అంటారు. ఇక్కడ తేడాలు వచ్చేది బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) కొలవకుండా రింగులు వేయడం వల్లే. బోర్ గేజితో పైనా, మధ్యలో, కిందా, అడ్డంగా, నిలువుగా కొలిపించు. రింగు పైకి వచ్చి తిరిగే చోట అరుగుదల ఎక్కువ ఉంటుంది, ఆ పైన గట్టులా మిగులుతుంది. అది తీయకుండా కొత్త రింగు వేస్తే విరుగుతుంది. పైకీ కిందకీ తేడా 0.1 మిల్లీమీటరు దగ్గరికి వచ్చిందంటే కొత్త రింగులతో సరిపోదు. బోర్ కొట్టించి (సిలిండర్‌ను కాస్త పెద్దది చేయించి) 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయాలి. పిస్టన్ కొని చేతికి వచ్చాకే లేత్ వాడికి బ్లాకు ఇవ్వు, పిస్టన్ కొలిచి దానికి తగ్గట్టు బోర్ కొట్టాలి. అరుగుదల తక్కువే ఉంటే హోనింగ్ (గోడ మీద రాయితో సన్నటి గీతలు పెట్టడం) చాలు, నున్నగా మెరిసే గోడ మీద కొత్త రింగు కుదురుకోదు. హోనింగ్ తర్వాత బ్లాకుని పెట్రోల్‌తో తుడిస్తే రాతిపొడి గీతల్లోనే ఉండిపోతుంది. సబ్బు, వేడినీళ్లతో కడిగి, తెల్లగుడ్డకు బూడిదరంగు అంటకుండా అయ్యేదాకా తుడిచి, వెంటనే ఆయిల్ రాయాలి. "ఇదంతా ఎందుకు సార్" అంటాడు, అననీ. రింగుల నోళ్లు (రింగులో తెగి ఉండే చోట్లు) ఒకే వరసలో కాకుండా చుట్టూ పంచి పెట్టించు. ఎలాగూ హెడ్ దించుతున్నారు కాబట్టి సీళ్లు, టైమింగ్ బెల్టు కొత్తవి వేయించు.

ఆయిల్ లీటరు నాలుగైదు వందలుంటుంది. వెయ్యి కిలోమీటర్లకు అరలీటరు తాగుతూ, నువ్వు ఏడాదికి ఎనిమిది వేలు తిరిగితే పదహారు వందల నుంచి రెండు వేల రూపాయలు. దానికోసం వేలకు వేలు పెట్టి ఇంజిన్ విప్పడం నాకైతే సమ్మతం కాదు. లీటరు దాటితే విప్పాల్సిందే, ప్లగ్గులు పాడవుతాయి, సైలెన్సర్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్ పోతుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర తిప్పలు.

పని చేయించినా చేయించకపోయినా థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్ రేడియేటర్‌కు పోకుండా ఆపేది) ఉందో లేదో చూడు. ఎండలు ఎక్కువని మన దగ్గర కొందరు తీసి పారేస్తారు. అప్పుడు ఇంజిన్ ఎంతకీ సరైన వేడికి రాదు, చల్లటి ఇంజిన్‌లో ఆయిల్ చెడుతుంది, గోడలు త్వరగా అరుగుతాయి. ఎయిర్ ఫిల్టర్ బాక్సు క్లిప్పులు కూడా చూడు, సరిగా పట్టకపోతే దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోతుంది.

కొత్త రింగులు వేశాక మొదటి వెయ్యి కిలోమీటర్లు ఒకే స్పీడులో లాగకు, ఊరికే ఐడిలింగ్‌లోనూ ఉంచకు. ఐదు వందలకే ఒకసారి ఆయిల్ మార్చేయ్. అప్పటిదాకా కాస్త తాగినా టెన్షన్ పడకు, రింగులు కుదురుకుంటున్నాయి.

కంప్రెషన్ చూసిన రోజున మూడు అంకెలు, మూడు ప్లగ్గుల ఫొటోలు పంపు. అవి చూశాక మీ మెకానిక్‌తో ఫోన్లో నేనే మాట్లాడతాను. అక్కని అడిగానని చెప్పు.

మీ మామయ్య