కింద ఇరుక్కుపోయే కబడ్డీ ఆటగాడికి జియుజిత్సులో ముందు ఏం నేర్పాలి?

మీరు అడిగింది ఇదీ: ఊరు రాజోలు దగ్గర, చిన్నప్పటినుంచీ కబడ్డీ ఆడారు, ఇప్పుడు భీమవరంలో జూడో మ్యాట్ మీద కొంతమందితో కలిసి బ్రెజీలియన్ జియుజిత్సు (నేల మీద పట్లు పట్టి ఓడించే, కుస్తీలాంటి ఆట) నేర్చుకుంటున్నారు. అవతలివాడి గార్డ్, అంటే వాడు వెల్లకిలా పడుకుని అడ్డం పెట్టే కాళ్ళు, దాటలేకపోతున్నారు. కింద పడితే బయటికి రాలేకపోతున్నారు. రాత్రిళ్ళు మాత్రం ఫోన్‌లో సబ్మిషన్ (ఓటమి ఒప్పించే పట్టు) వీడియోలు చూస్తున్నారు. ఆ కాళ్ళు దాటే గార్డ్ పాస్‌లు, కింద నుంచి బయటపడే ఎస్కేప్‌లు, సబ్మిషన్లు, ఈ మూడిట్లో దేంతో మొదలుపెట్టాలి? గీ, అంటే వేసుకునే మందపాటి ఆట బట్టలు, కొత్తది కొనాలా?

ఎస్కేప్‌లతో. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. నేనూ పాలకొల్లు వైపువాణ్ణే. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేటప్పుడు నేర్చుకున్నాను, ఇంటికొచ్చేశాక ఇక్కడి జూడో కుర్రాళ్ళతోనూ కబడ్డీ కుర్రాళ్ళతోనూ చేస్తున్నాను. కాబట్టి మీ ఒంట్లో ఏ అలవాట్లు ఉంటాయో కొంత తెలుసు.

కబడ్డీలో కూతకి వెళ్ళినవాణ్ణి పట్టేస్తే ఏం చేస్తాడు? బోర్లా పడి, చెయ్యి చాపి మధ్య గీత అందుకోవాలని చూస్తాడు. ఏళ్ళ తరబడి మీ శరీరం నేర్చుకున్నది అదే. తాలింఖానాలో కుస్తీ పట్టినవాళ్ళకీ ఇదే అలవాటు ఉంటుంది, వీపు నేలకి ఆనితే ఓడిపోయినట్టు కాబట్టి బోర్లా తిరిగిపోతారు. జూడో కుర్రాళ్ళు కూడా అంతే, బోర్లా ముడుచుకుని ఉంటే కాసేపటికి రిఫరీ ఆపి మళ్ళీ లేపుతాడని వాళ్ళ ధీమా. జియుజిత్సులో ఎవరూ లేపరు. మీరు బోర్లా తిరిగిన క్షణం అవతలివాడు వీపెక్కి, రెండు కాళ్ళూ మీ తొడల లోపలికి కొక్కేల్లా వేసి, మెడ కింద చెయ్యి దూరుస్తాడు. పోటీల్లో వీపు దొరికితే నాలుగు పాయింట్లు. అంతకంటే పెద్ద నష్టం, అక్కణ్ణుంచి వెనక నుంచి మెడ నొక్కే చోక్ పడితే తప్పించుకోవడం చాలా కష్టం. అందుకని మొదటి నెలంతా ఒకటే నియమం పెట్టుకోండి: ఎంత టెన్షన్ వచ్చినా బోర్లా తిరగకూడదు, అవతలివాడి వైపే పక్కకి ఒరగాలి.

ఇక బయటికి రావడం. సైడ్ కంట్రోల్ కింద, అంటే అవతలివాడు మీ ఛాతీ మీద అడ్డంగా పడుకున్నప్పుడు, కొత్తవాళ్ళందరూ చేసే పని రెండు చేతులతో వాడి ఛాతీని పైకి నెట్టడం. ఎనభై కిలోల మనిషిని బెంచ్ ప్రెస్ చేసి ఎంతసేపు ఆపుతారు? పైగా చాచిన చెయ్యి వాడికి కానుక, మోచేయి విరిచే ఆర్మ్‌బారో భుజం మెలితిప్పే అమెరికానానో వేసుకుంటాడు. చేతులు నెట్టడానికి కాదు, ఎడం నిలపడానికి. ఒక ముంజేయి వాడి మెడ దగ్గర అడ్డంగా, రెండోది వాడి తుంటి ఎముక దగ్గర, రెండు మోచేతులూ మీ ఒంటికి దగ్గరగా ఉండాలి. దీన్నే ఫ్రేమ్ అంటారు. అప్పుడు పాదాలు నేలకి తన్ని నడుము ఒక్కసారి పైకి లేపండి. వాడు బరువు సర్దుకునే ఆ అర క్షణంలో పక్కకి తిరిగి మీ నడుమునే వెనక్కి లాక్కోండి. గమనించండి, కదలాల్సింది వాడు కాదు, మీరు. ఈ కదలిక పేరే ష్రింప్. రొయ్య ఒళ్ళు ముడిచి వెనక్కి ఎగరడం మీకు నేను వర్ణించక్కర్లేదు, అచ్చం అదే. ఆ వచ్చిన ఖాళీలోకి మోకాలు దూర్చండి. మోకాలు మీ ఇద్దరి మధ్యకి వచ్చిందంటే సగం పని అయిపోయినట్టే, రెండో కాలు కూడా వచ్చాక మళ్ళీ మీ గార్డ్ మీకు వచ్చేసింది.

మౌంట్ కింద, అంటే పొట్ట మీద ఎక్కి కూర్చున్నప్పుడు, రెండు దారులున్నాయి. వాడి ఒక చెయ్యి, అదే వైపు పాదం కదలకుండా బంధించి, ఆ భుజం మీదుగా నడుము ఎత్తి దొర్లించడం ఒకటి. పక్కకి ఒరిగి, మోచేత్తో వాడి మోకాలిని కిందికి నెడుతూ, మీ మోకాలు లోపలికి తెచ్చుకోవడం రెండోది. మొదటిది బలంగా ఉన్నప్పుడు బాగా పనిచేస్తుందని అందరూ దాన్నే పట్టుకుంటారు. తెలిసినవాడు చెయ్యి ఇవ్వడు కదా, అప్పుడు రెండోది కావాలి. రెండూ జతగా నేర్చుకోండి. ఒకదానికి వాడు అడ్డుపడితే రెండోది తెరుచుకుంటుంది.

మీ గుంపులో జూడో వాళ్ళున్నారు కాబట్టి ఒక హెచ్చరిక. వాళ్ళు తల, చెయ్యి కలిపి చంకలో బిగించి పక్కన కూర్చునే కేస గతమే అనే పట్టు వేస్తారు, ఊపిరి ఆడదు. జూడోలో ఇరవై సెకన్లు అలా అదిమిపెడితే ఇప్పాన్, ఆట అయిపోయినట్టే. అందుకే వాళ్ళకి ఆ బిగింపు అంత బాగా వస్తుంది. ఇక్కడ ఎంతసేపు అదిమినా ఆట ముగియదు, కాబట్టి కంగారుపడకండి. ఇరుక్కున్న మోచేతిని ముందు మీ పక్కటెముకల వైపు లాక్కోండి, రెండో చేత్తో వాడి దవడ దగ్గర ఫ్రేమ్ పెట్టండి, తర్వాత నడుము సంగతి చూడండి. నిజానికి అలాంటి కుర్రాడు మీ పక్కన ఉండడం అదృష్టం. రోజూ వాడి కింద పడుకుని, అక్కణ్ణుంచే రౌండ్ మొదలుపెట్టమనండి. రెండు నిమిషాలు. బయటపడితే మళ్ళీ అదే చోటికి. ఆటలా పూర్తి స్పారింగ్ చేయడం కంటే ఇది బోరు కొడుతుంది, కానీ ఎస్కేప్‌లు వచ్చేది ఇలాగే.

గార్డ్ పాస్ దగ్గర మీ కబడ్డీ ఒక రకంగా వరం, ఇంకో రకంగా శాపం. వంగి నిలబడే తీరు, పక్కకి చటుక్కున వేసే అడుగు మీకు ముందే ఉన్నాయి. వాటికి సరిపోయేది టొరియాండో పాస్: మోకాళ్ళ దగ్గర ప్యాంటు రెండు చేతులతో పట్టి, కాళ్ళని ఒక పక్కకి తోసి, మీరు రెండో పక్కనుంచి చుట్టి వెళ్ళడం. ఇది మీకు వారంలో వచ్చేస్తుంది. కానీ కాళ్ళు దాటగానే పని అయిపోయిందని మీరు ఆగిపోతారు, వాడు ష్రింప్ చేసి మళ్ళీ కాళ్ళు అడ్డం పెడతాడు. కాళ్ళు దాటడం పాస్ కాదు, నడుము ఆపడం పాస్. చుట్టి వెళ్ళిన వెంటనే భుజం బరువు వాడి తుంటి మీదో ఛాతీ మీదో పడాలి, వాడు మీ వైపు తిరగకుండా చెయ్యి తల కింద దూరాలి. పోటీ నియమాల్లో కూడా పాస్ చేసి మూడు సెకన్లు నిలబెడితేనే మూడు పాయింట్లు ఇస్తారు.

శాపం సంగతి. కబడ్డీలో డిఫెండర్ తల దించి, రెండు చేతులూ చాచి చీలమండ మీద పడతాడు. ఇక్కడ తల దించి చేతులు చాచారంటే మెడ వాడు చంకలో బిగించే గిలటిన్‌లో దూరుతుంది. ఇంకా ఎక్కువగా జరిగేది, ఒక చెయ్యి వాడి కాళ్ళ లోపలా ఒకటి బయటా ఉండిపోవడం. కాళ్ళతో మెడ బిగించే ట్రయాంగిల్‌కి కావలసింది సరిగ్గా అదే. వాడి కాళ్ళ మధ్య ఉన్నంతసేపూ రెండు చేతులూ లోపలుండాలి, లేదంటే రెండూ బయటుండాలి, వెన్ను నిటారుగా ఉండాలి.

క్లోజ్డ్ గార్డ్, అంటే కాళ్ళు మీ నడుము చుట్టూ ముడి వేసినప్పుడు, కూర్చుని మోచేతులతో తొడలు పొడవకండి. అది నొప్పి పెట్టడం తప్ప పాస్ చేయడం కాదు. చేతులతో వాడి నడుము దగ్గర గీ గట్టిగా పట్టి, వాడి ఒక చెయ్యి అదుపులో పెట్టి, లేచి నిలబడండి. నిలబడితే వాడి బరువే వాడి ముడిని విప్పుతుంది. అక్కణ్ణుంచి మోకాలు వాడి తొడ మీదుగా ఏటవాలుగా కోసుకుంటూ వెళ్ళే ‘నీ కట్’ (మోకాలి కోత) పాస్ చేయొచ్చు. ఇందులో ప్రాణమంతా అవతలి చంక కింద మీ చెయ్యి దూర్చడంలో ఉంది. ఆ అండర్‌హుక్ వాడికి దొరికితే మీరు పాస్ చేస్తుండగానే వెనక్కి వచ్చి వీపెక్కుతాడు. టొరియాండో, నీ కట్, ఈ రెండూ చాలు ఈ ఏడాదికి. ఒకటి నిలబడి చుట్టి వెళ్ళేది, ఇంకోటి ఒరుసుకుంటూ మధ్యలోంచి వెళ్ళేది. ఒకదాన్ని ఆపబోతే రెండోదానికి చోటు దొరుకుతుంది.

సబ్మిషన్లు చివరికి వదిలేయమంటే మీకు కష్టంగా ఉంటుందని తెలుసు, చూడ్డానికి బాగుండేవి అవే. మేయెదా అనే జపాన్ జూడో యోధుడు 1914లో బ్రెజిల్ చేరాడు, ఆయన శిష్యుడు కార్లోస్ గ్రేసీ, ఈ ఆటని తయారుచేసిన ఆ కుటుంబంలోని రాయిస్ గ్రేసీ 1993లో, రకరకాల యుద్ధవిద్యలవాళ్ళు తలపడే యూఎఫ్‌సీ పోటీ మొదటిసారి పెట్టినప్పుడు గెలిచాడు. ఆ రోజు రాయిస్ తనకంటే బరువైనవాళ్ళని ఓడించింది విచిత్రమైన పట్లతో కాదు, ముందు పొజిషన్ తెచ్చుకుని మెడ పట్టాడు. మీ జూడో మిత్రులు ఉదె గరామి అనే, చెయ్యి వెనక్కి మెలితిప్పే పట్టునే మనవాళ్ళు కిమురా అంటున్నారు, 1951లో రియోలో కార్లోస్ తమ్ముడు హీలియో గ్రేసీని జపాన్ జూడో యోధుడు కిమురా ఆ పట్టుతోనే ఓడించాడు కాబట్టి. అంటే మీ మ్యాట్ మీద కిమురా నేర్పగలవాళ్ళు ఇప్పటికే ఉన్నారు, వీడియో అక్కర్లేదు.

వెనక నుంచి చోక్, మౌంట్ మీంచి అమెరికానా, ఆర్మ్‌బార్, ఈ కిమురా: నాలుగింటితో సరిపెట్టుకోండి. అవతలివాడి నడుము ఇంకా స్వేచ్ఛగా కదులుతుంటే వీటిలో ఏదీ పట్టు పడదు, ముందు దాన్ని ఆపాలి. ఆర్మ్‌బార్ వేసేటప్పుడు మీ మోకాళ్ళు రెండూ దగ్గరగా బిగిసి, మీ నడుము వాడి భుజానికి ఆని ఉండాలి, మధ్యలో ఖాళీ ఉంటే మోచేయి జారిపోతుంది. చోక్ సరిగ్గా పడితే శ్వాసనాళం కాదు, మెడకి రెండు పక్కలా ఉండే రక్తనాళాలు నొక్కుకుంటాయి, కొన్ని సెకన్లలోనే స్పృహ తప్పుతుంది. అవతలివాడు ట్యాప్ చేసిన, అంటే ఓటమి ఒప్పుకుని చేత్తో తట్టిన, క్షణం వదలాలి. ట్యాప్ చేయడానికి పౌరుషపడేవాడితో అసలు పట్టకండి.

హీల్ హుక్ జోలికి పోవద్దు. మడమ తిప్పితే మోకాలి లిగమెంట్లు తెగుతాయి, నొప్పి తెలిసేలోపే తెగుతాయి కాబట్టి ట్యాప్ చేసే టైమ్ ఉండదు. ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ జియుజిత్సు సమాఖ్య) పోటీల్లో గీ వేసుకున్నప్పుడు ఎవరికీ అనుమతి లేదు, గీ లేని పోటీల్లో బ్రౌన్, బ్లాక్ బెల్ట్ పెద్దవాళ్ళకి మాత్రమే ఉంది. సంక్రాంతికి కబడ్డీ పోటీలు పెట్టుకుని, మోకాలు పోగొట్టుకుని కూర్చోవడం దేనికి?

గీ గురించి అడిగారు, జూడో గీ చాలు, కొత్తది కొనక్కర్లేదు. ఒకటి కాకుండా రెండు ఉంచుకోండి. మన దగ్గర వానాకాలంలో అంత మందం బట్ట రోజుకి ఆరదు, తడి గీతోనే వస్తే తామర మొదలవుతుంది. తామర వస్తే మందుల షాపులో అడక్కుండానే చేతిలో పెట్టే స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు రాయకండి. రెండు రోజులు తగ్గినట్టు కనిపించి ఇంకా ముదురుతుంది. చర్మ డాక్టర్‌కి చూపించి, తగ్గేదాకా మ్యాట్ ఎక్కకండి. మీ గుంపులో చెరువుల మీద పనిచేసేవాళ్ళుంటే చేతుల మీద గాట్లు ఉంటాయి, అవి మానేవరకూ వాళ్ళకీ సెలవే. గోళ్ళు తీసుకోమనండి, క్లాసు అయ్యాక మ్యాట్ తుడిచే వంతులు ముందే రాసి గోడకి అంటించండి.