ఆరుగురు కలిసి ఎల్క్ వేటకు వెళ్తే ఏ సీజన్ పట్టాలి?

ప్రశ్న: మేం ఆరుగురు మిత్రులం, టెక్సాస్‌లో ఉంటాం. కొలరాడోలో ఎల్క్ (ఉత్తర అమెరికాలోని పెద్ద జాతి జింక) వేటకు వెళ్లాలని అనుకుంటున్నాం. ఇద్దరికి జింకల వేట తెలుసు, నలుగురు కొత్తవాళ్లు. సెప్టెంబరులో కూత వింటూ వేటాడదామని కొందరు, మంచు పడ్డాక నవంబరులో వెళ్దామని కొందరు పట్టుపడుతున్నారు. ఏది సరైన సీజన్?

జట్టుగా వెళ్లేటప్పుడు ఎల్క్‌ను బట్టి సీజన్ ఎంచుకోకండి. మీలో అందరికంటే తక్కువ సిద్ధంగా ఉన్న మనిషిని బట్టి ఎంచుకోండి. ఎత్తైన చోట ఎవరికి ముందు ఆయాసం వస్తుంది, ఎవరి దగ్గర ప్రిఫరెన్స్ పాయింట్లు (ట్యాగ్‌ల లాటరీలో ముందు వరుస కోసం ఏటా కూడబెట్టుకునేవి) తక్కువ, యాభై పౌండ్ల మూట మోసుకుని ఎవరు రెండు మైళ్లు దిగలేరు? ఈ మూడింటికీ జవాబు దొరికితే సీజన్ దాదాపు దానంతటదే తేలిపోతుంది.

కొలరాడోలో ఒక ట్యాగ్ (ఒక జంతువును వేటాడే అనుమతి పత్రం) ఒక ఆయుధానికి, ఒక సీజన్‌కు మాత్రమే చెల్లుతుంది. విల్లుతో కుదరకపోతే అదే ట్యాగ్ మీద అక్టోబరులో రైఫిల్‌తో రావడం కుదరదు. అందుకే ఎంపిక ముందే కచ్చితంగా జరగాలి.

విల్లు సీజన్ సెప్టెంబరు 2 నుంచి నెలాఖరు దాకా ఉంటుంది. మగ ఎల్క్ ఎదకొచ్చి ఈల వేసినట్టు కూసేది ఈ నెలలోనే, చివరి పది రోజుల్లో మరీ ఎక్కువ. వినడానికి ఇంతకంటే గొప్ప కాలం లేదు. కానీ బాణం సరిగ్గా తగలాలంటే జంతువు ముప్పై నలభై గజాల లోపుకు రావాలి. వాసన పసిగట్టే ముక్కులు అన్ని ఉన్న చోటికి ఆరుగురు కలిసి అంత దగ్గరగా వెళ్లలేరు. ఇద్దరిద్దరుగా విడిపోయి, ఒకరు వెనక నుంచి ఎల్క్ కూతను అనుకరించి పిలుస్తుంటే ఒకరు ముందు కాచుకోవాలి. అంటే మూడు జంటలకూ పిలవడం తెలిసిన మనిషి కావాలి, మీలో అలాంటివారు లేరు. పైగా 2025 నుంచి కొండ ప్రాంతాల్లో బయటి రాష్ట్రాలవారికి విల్లు ట్యాగ్ డ్రాలోనే, అంటే దరఖాస్తుల లాటరీలోనే వస్తుంది. సెప్టెంబరు మధ్యలో తొమ్మిది రోజులు నడిచే మజిల్‌లోడర్ (గొట్టం మూతి నుంచి మందు కూరే పాతకాలపు తుపాకీ) సీజన్ కూడా డ్రాయే, దానికి స్కోప్ పెట్టడానికి వీల్లేదు. కొత్తవాళ్లకు ఈ రెండూ వద్దు.

రైఫిల్ సీజన్లు నాలుగు. మొదటిది అక్టోబరు మధ్యలో, ఐదు రోజులే. పూర్తిగా డ్రా మీద నడుస్తుంది, ఎల్క్‌కు మాత్రమే. అడవిలో జనం తక్కువ, జంతువులు ఇంకా తుపాకీ చప్పుడు వినలేదు, అక్కడక్కడ కూత కూడా మిగిలే ఉంటుంది. రోడ్లు సాధారణంగా తెరిచే ఉంటాయి, చలి భరించదగ్గదే. మీలాంటి జట్టుకు మా మొదటి సలహా ఇదే. ఐదు రోజుల్లో ఒకటి వర్షానికో గాలికో పోతుందని మాత్రం ముందే లెక్కేసుకోండి.

రెండోది అక్టోబరు చివర తొమ్మిది రోజులు, మూడోది నవంబరు మొదటి సగంలో. కొన్ని యూనిట్లలో (వేట కోసం విభజించిన ప్రాంతాల్లో) మగ ఎల్క్‌కు డ్రా లేకుండా ఓటీసీ ట్యాగ్, అంటే నేరుగా కొనుక్కునే ట్యాగ్, దొరికేది ఈ రెండింటికే. అందుకే అందరూ వీటికే వస్తారు. వెచ్చని ఏడాదిలో రెండో సీజన్ అన్నింటికంటే కష్టమైనది. ఎదలో బక్కచిక్కిన మగవి ఒళ్లు బాగుచేసుకోవడానికి ఉత్తరపు వాలుల్లోని దట్టమైన చెట్లలో దాక్కుంటాయి, పగలు బయటికి రావు. రోడ్డు పక్క గుట్ట మీద కూర్చుని ఎదురుచూస్తే ఏమీ కనబడదు. రోడ్డుకు మైలున్నర లోపలికి వెళ్లి, తొమ్మిది వేల నుంచి పదిన్నర వేల అడుగుల ఎత్తులో, మేత, నీరు, నీడ మూడూ దగ్గరగా ఉన్న చోట్లను ఒక్కొక్కటిగా గాలించాలి.

నాలుగోది నవంబరు మూడో వారం ప్రాంతంలో, మళ్లీ ఐదు రోజులు, డ్రా. మంచు అదను కుదిరితే జంతువులు గుంపులుగా దిగువన దొరుకుతాయి. కుదిరినా కుదరకపోయినా చలి మాత్రం మీతోనే ఉంటుంది. కట్టెల పొయ్యి ఉన్న గుడారం, నాలుగు చక్రాలకూ గొలుసులు లేకుండా ఈ సీజన్ తలపెట్టకండి.

ఇంకొక మాట. కొలరాడో మొత్తం మీద ఎల్క్ వేటకు వచ్చినవారిలో ఐదుగురికి ఒకరు విజయం సాధించడమే కష్టం. మీ ఆరుగురికీ కలిపి ఒక్కటి దొరికితే అది మంచి యాత్రే. కొత్తవాళ్ల నలుగురికి ఆడ ఎల్క్ ట్యాగ్‌లకు దరఖాస్తు చేయండి. గుంపులో అవే ఎక్కువ కనబడతాయి, కొమ్ముల కొసలు లెక్కపెట్టే పని ఉండదు, మాంసమూ మెత్తన. మగదానికైతే చాలా యూనిట్లలో ఒక కొమ్ముకు కనీసం నాలుగు కొసలుండాలి, లేదా నుదుటి దగ్గరి కొస ఐదు అంగుళాలైనా ఉండాలి. మసక వెలుతురులో కొత్తవాడి కన్ను పొరబడేది సరిగ్గా ఇక్కడే.

ప్రశ్న: మా జట్టులో ఒకరికి ఆరు ప్రిఫరెన్స్ పాయింట్లున్నాయి, ఇద్దరికి రెండేసి, మిగతావారికి సున్నా. గ్రూపుగా దరఖాస్తు చేస్తే సగటు తీస్తారా?

కొలరాడోలో తీయరు. గ్రూపులో అందరికంటే తక్కువ పాయింట్లున్నవారి లెక్కే అందరికీ వర్తిస్తుంది. అంటే మీ గ్రూపు సున్నా పాయింట్ల గ్రూపు. అయినా మొదటి ఎంపికలో ట్యాగ్ వచ్చిందంటే ఆరు పాయింట్లాయనవి కూడా సున్నాకు పడిపోతాయి. ఆయనకు ఇష్టమేనా అని ముందే అడగండి, తర్వాత మనసులు కష్టపెట్టుకోవద్దు.

దీనికో దారి ఉంది. రెండో ఎంపిక నుంచి వచ్చే ట్యాగ్‌కు పాయింట్లు ఖర్చు కావు. మొదటి ఎంపికగా పాయింటు మాత్రమే కోరుకుని, రెండో ఎంపికగా పోటీ తక్కువున్న యూనిట్‌లో ఆడ ఎల్క్ ట్యాగ్ అడిగితే పాయింటూ పెరుగుతుంది, వేటా దొరకవచ్చు. ఏ యూనిట్ ఎన్ని పాయింట్లకు వచ్చిందో, రెండో ఎంపికలో ఎన్ని మిగిలాయో కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ ఏటా ప్రచురిస్తుంది. ఆ పట్టికలు చదవకుండా దరఖాస్తు నింపడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

గడువు ఏప్రిల్ మొదటి మంగళవారం రాత్రి ఎనిమిది, అక్కడి సమయం ప్రకారం. దానికంటే ముందు ప్రతి ఒక్కరూ క్వాలిఫైయింగ్ లైసెన్సు (డ్రాకు దరఖాస్తు చేసే అర్హతనిచ్చే లైసెన్సు) కొనాలి. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారందరికీ హంటర్ ఎడ్యుకేషన్ కార్డు ఉండాలి, ఇతర రాష్ట్రాల కార్డూ చెల్లుతుంది. జట్టులు విడిపోయేది ఎక్కువగా ఇక్కడే: ఒకరు కోర్సును వాయిదా వేస్తూ పోతారు, మార్చి చివర హడావుడి పడతారు. జనవరిలోనే పూర్తి చేయించండి.

ప్రశ్న: మంచు పడితే ఎల్క్ కిందికి దిగుతాయంటారు. ఎంత మంచు? అది ఏ సీజన్‌లో పడుతుందో ముందే తెలుసుకోవచ్చా?

అడుగు లోతు మంచును ఎల్క్ లెక్కచేయదు. కాలితో తవ్వుకుని గడ్డి మేస్తుంది. లోతు పద్దెనిమిది అంగుళాలు దాటుతుంటే, లేదా ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టి పైన గట్టి పెచ్చు కడితే అప్పుడు కదులుతాయి. అందుకే ఒక్క రాత్రి కురిసిన ఆరంగుళాలు చూసి మకాం దిగువకు మార్చేయడం పొరపాటు. ముందు కదిలేవి దూడలున్న ఆడ గుంపులు. పెద్ద మగవి మాత్రం గాలికి మంచు కొట్టుకుపోయిన గట్ల పక్కన, కాస్త మేత, కాస్త చెట్టు చాటు ఉన్న చిన్న చిన్న చోట్లలో ఎత్తునే ఉండిపోతాయి.

ఏ ఏడు ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు, కానీ ఆ చోటి అలవాటు తెలుసుకోవచ్చు. పడమటి కొండల్లో అమెరికా వ్యవసాయ శాఖ నడిపే స్నోటెల్ కేంద్రాలు ప్రతిరోజూ మంచు లోతు నమోదు చేస్తాయి, ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మీ యూనిట్‌కు దగ్గరగా, తొమ్మిది పది వేల అడుగుల ఎత్తులో ఉన్న కేంద్రాన్ని ఎంచుకుని, మీ సీజన్ తేదీలకు గత పదేళ్ల లోతులు రాసుకోండి. పదింటిలో ఏడేళ్లు ఆరంగుళాలు కూడా లేకపోతే మంచు మీద ఆశపెట్టుకుని ఆ సీజన్ ఎంచుకోకండి.

మంచు మరీ ఎక్కువైతే జరిగే నష్టం ఇంకో రకం. 2022-23 చలికాలం వాయువ్య కొలరాడోలో ఎంత కఠినంగా గడిచిందంటే, బేర్స్ ఇయర్స్, వైట్ రివర్ మందలకు 2023లో లైసెన్సులు గట్టిగా తగ్గించారు. ఆ ప్రాంతానికి పాత అంకెలు చూసి ప్రణాళిక వేయకండి, ఈ ఏటి వేట నియమాల బ్రోచర్ చూడండి.

దిగిన మందలు తరచూ ప్రైవేటు రాంచుల్లోకి వెళ్తాయి. కొలరాడోలో బోర్డు లేకపోయినా, కంచె లేకపోయినా అనుమతి లేకుండా ప్రైవేటు నేలలో వేటాడటం నేరం. హద్దులు చూపే జీపీఎస్ మ్యాపు ప్రతి ఒక్కరి ఫోన్లో ఉండాలి, సిగ్నల్ లేకుండా పనిచేసేలా ముందే దింపుకోవాలి.

ప్రశ్న: ఆరుగురికి రెండు ఎల్క్‌లు దొరికితే మాంసం పాడవకుండా ఎలా తేవాలి? ఎన్ని కూలర్లు కావాలి?

సీజన్ ఎంపికలో చాలామంది మరిచే లెక్క ఇది. మగ ఎల్క్ ఏడు వందల పౌండ్లు తూగుతుంది, ఎముకలు తీశాక రెండు వందల పౌండ్ల దాకా మాంసం మిగులుతుంది. యాభై పౌండ్లకు ఒక మూట చొప్పున నాలుగు మూటలు. రోడ్డు రెండు మైళ్లుంటే ఒంటరి మనిషి నాలుగుసార్లు మోసి మూడుసార్లు తిరిగి వెళ్లాలి. మొత్తం పద్నాలుగు మైళ్లు, ఆ ఎత్తులో రెండు రోజుల పని. నలుగురుంటే ఒక్క విడతలో అయిపోతుంది. జట్టు వల్ల నిజమైన లాభం ఇదే.

సెప్టెంబరు, అక్టోబరు మొదట్లో మధ్యాహ్నపు ఎండ డెబ్భై డిగ్రీల ఫారన్‌హీట్ దాకా వెళ్లవచ్చు. ఎల్క్ తోలు దుప్పటి లాంటిది, చచ్చాక కూడా వేడిని పట్టి ఉంచుతుంది. ముందు మురిగేది తొడ ఎముక తుంటిలో కలిసే చోటు, పైకి ఏమీ కనబడదు. కాబట్టి ఫొటోలు రెండు చాలు, వెంటనే తోలు ఒలవండి. తొడలు, జబ్బలు విడదీసి, తుంటి కీలు దగ్గర ఎముక దాకా గాటు పెట్టి వేడి పోనివ్వండి. గాలి ఆడే గుడ్డ సంచుల్లో వేసి, ఒకదానికొకటి తగలకుండా నీడలో వేలాడదీయండి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే, వెచ్చగా ఉండగానే కూలర్‌లో మూసేస్తే గంటల్లోనే వాసన పుడుతుంది. రాత్రంతా చల్లారాకే కూలర్‌లో పెట్టాలి.

ఎముకలు తీసిన ఒక మగ ఎల్క్‌కు ఐసుతో కలిపి దాదాపు 150 క్వార్ట్ల (క్వార్ట్ దాదాపు లీటరు) కూలర్ కావాలి. రెండింటికి అలాంటివి రెండు, ట్రక్కులో వాటికి చోటు. కరిగిన నీళ్లు బయటికి పోయేలా రంధ్రం తెరిచి ఉంచండి, నీళ్లలో నానిన మాంసం రంగు, రుచి రెండూ పోతాయి. ఎముకలు తీసినా ఆడా మగా తెలిపే అవయవం ఒక తొడకు సహజంగా అంటుకునే ఉండాలి, అది చట్టం. కొన్ని హంట్ కోడ్‌లకు (ట్యాగ్ ఏ యూనిట్‌కు, ఏ సీజన్‌కు అన్నది తెలిపే గుర్తులకు) క్రానిక్ వేస్టింగ్ అనే, జింక జాతుల మెదడుకు సోకే వ్యాధి పరీక్ష తప్పనిసరి, వ్యాధి ఉందని తేలితే ఆ మాంసం తినకండి. మెదడు, వెన్నెముకతో ఉన్న భాగాలను చాలా రాష్ట్రాలు తమ హద్దుల్లోకి రానివ్వవు, టెక్సాస్ నియమాలు బయల్దేరే ముందే చూసుకోండి.

వెచ్చని సీజన్‌కు ఒక నియమం పెట్టుకోండి: మొదటిది రోడ్డు చేరేదాకా రెండోదాని మీద తుపాకీ ఎత్తకూడదు. నవంబరులో ఈ బెంగ ఉండదు. అప్పుడు మాంసం గడ్డకట్టి కత్తి దిగకపోవడమే సమస్య, అదే రోజు కోసేయండి. తాగునీళ్ల క్యాన్లు తలకిందులుగా పెట్టండి, ఐసు పైకి తేలి క్యాన్ అడుగు వైపు కడుతుంది, మూత గడ్డకట్టకుండా తెరుచుకుంటుంది.

ప్రశ్న: జట్టులో ముగ్గురం హెచ్-1బి వీసా మీద ఉన్నాం. రైఫిల్ పట్టుకోవచ్చా?

నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. మిత్రుడి తుపాకీ చేతిలోకి తీసుకున్నా అది ఉంచుకున్నట్టే లెక్క. కానీ మినహాయింపుల్లో ఒకటి మీకు పనికొస్తుంది: ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి ఆ నిషేధం వర్తించదు. అది అక్టోబరులో ఉంటే చాలదు, జూలైలో గురి సాధనకు రేంజికి వెళ్లే రోజుకీ ఉండాలి. సొంత రైఫిల్ కొని ఇంట్లో పెట్టుకుంటే లైసెన్సు గడువు ముగిసిన మర్నాటి నుంచి అది నేరమవుతుంది. వీసా మీద దెబ్బ పడే విషయం కనుక ఒకసారి లాయరును అడిగి ముందుకెళ్లండి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. విల్లు తుపాకీ కాదు గనుక దానికీ వర్తించదు.

ప్రశ్న: కొలరాడో బదులు వయోమింగ్, మోంటానా మేలా?

మోంటానాలో సాధారణ రైఫిల్ సీజన్ అక్టోబరు చివర నుంచి థాంక్స్‌గివింగ్ తర్వాతి ఆదివారం దాకా, దాదాపు ఐదు వారాలు. సెలవుల తేదీలు కలవని జట్టుకు అది పెద్ద వరం. దరఖాస్తు గడువు ఏప్రిల్ 1. వయోమింగ్‌లో ఆరుగురి దాకా కలిసి దరఖాస్తు చేయవచ్చు, అక్కడ పాయింట్లకు సగటు తీస్తారు. కానీ మీ కొలరాడో పాయింట్లు అక్కడ చెల్లవు, గడువూ ఫిబ్రవరి మొదట్లోనే ముగుస్తుంది. అక్కడి ఫెడరల్ వైల్డర్‌నెస్ (రోడ్లు, వాహనాలు లేని రక్షిత అడవి) ప్రాంతాల్లో బయటి రాష్ట్రాలవారు గైడ్ గానీ, అనుమతి పొందిన స్థానికుడు గానీ తోడు లేకుండా పెద్ద జంతువులను వేటాడకూడదు. యూనిట్ ఎంచుకునే ముందు మ్యాపులో ఆ గీతలు చూసుకోండి. వాయువ్య వయోమింగ్‌లోనూ పశ్చిమ మోంటానాలోనూ గ్రిజ్లీ ఎలుగులున్నాయి. కోసిన ఎల్క్ దగ్గర ఒక్కరే ఉండకండి, బేర్ స్ప్రే (ఎలుగును తరిమే ఘాటు స్ప్రే) సంచిలో కాదు, నడుముకే ఉండాలి.

ప్రశ్న: ఒకరికి ముందే ఎల్క్ దొరికితే, మిగతావారి ట్యాగ్ మీద ఆయన ఇంకొకటి కొట్టవచ్చా?

కొలరాడోలో కూడదు. ఎవరి ట్యాగ్ వారిదే. ఆయన మిగిలిన రోజులు బైనాక్యులర్స్‌తో వెతికి చూపవచ్చు, మోయవచ్చు, వంట చూసుకోవచ్చు. రైఫిల్ సీజన్‌లో వేటాడే ప్రతి ఒక్కరి మీదా నడుముకు పైన 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ గానీ గులాబీ గానీ రంగు ఉండాలి, తల మీది టోపీతో సహా. ఆయన పని అయిపోయినా ఆ చొక్కా విప్పనివ్వకండి.