సీసా అడుగున ఉన్న బొడిపె నుంచి మొదలుపెట్టండి

ప్రశ్న: ముడిసరుకు వస్తువుగా ఎలా మారుతుందో ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పాలి. బోర్డు మీద మూడు గడులు గీసి ముడిసరుకు, ప్రక్రియ, ఉత్పత్తి అని రాశాను. అందరూ బుద్ధిగా రాసుకున్నారు గానీ ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఫ్యాక్టరీకి తీసుకెళ్లే వీలు లేదు. ఏం చేయమంటారు? – ఒక టీచర్

జవాబు: ఆ గడుల్లో తప్పేం లేదు, కాకపోతే అవి పాఠం చివర్లో రావాలి. ముందు పిల్లల చేతికి ఒక వస్తువు ఇవ్వండి. ప్లాస్టిక్ నీళ్ల సీసా అయితే మరీ మంచిది, ఎలా తయారైందో ఆనవాళ్లన్నీ దాని మీదే ఉంటాయి. అడుగున సరిగ్గా మధ్యలో చిన్న బొడిపె ఉంటుంది, వేలితో తడిమి చూడమనండి. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి వెళ్లిన చోటు అదే. పక్కన పైనుంచి కిందికి సన్నటి గీత కూడా కనిపిస్తుంది, అది అచ్చు సగాలు రెండూ కలిసిన చోటు.

సీసా మొదట సీసాగా తయారవదు. పెట్ (ఈ సీసాలకు వాడే ప్లాస్టిక్ రకం) గింజల్ని బాగా ఆరబెట్టి (తేమ ఉంటే కరిగేటప్పుడు ప్లాస్టిక్ బలం తగ్గిపోతుంది), సుమారు 270–280 డిగ్రీల దగ్గర కరిగించి, ఒత్తిడితో అచ్చులోకి పంపితే ముందు టెస్ట్ ట్యూబ్ లాంటి మందపాటి గొట్టం వస్తుంది, మూత బిగించే మరలు అప్పటికే దానికి ఉంటాయి. ఆ గొట్టాన్ని మళ్లీ 100 డిగ్రీల దాకా వేడి చేసి, సీసా ఆకారపు అచ్చులో పెట్టి, కడ్డీతో సాగదీస్తూ లోపలికి గాలి ఊదుతారు. ఇదంతా మీరే చెప్పేయకండి. ఒళ్లంతా పల్చగా ఉండి మూతి దగ్గర మాత్రం అంత మందం ఎందుకుందని ముందు వాళ్లనే అడగండి, మూతి భాగాన్ని సాగదీయలేదని ఎవరో ఒకరు పట్టేస్తారు.

ఇక అసలు విషయం. చాలా పాఠాలు యంత్రాల దగ్గరే ఆగిపోతాయి, నాకైతే అది చాలదనిపిస్తుంది. పని ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఎలా సాగుతుందన్నదే వ్యవస్థ, అది చేసి చూస్తేనే తెలుస్తుంది. నలుగురు పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి కాగితం కవర్లు చేయించండి: ఒకరు కత్తిరించాలి, ఒకరు మడవాలి, ఒకరు అతికించాలి, ఒకరు ముద్ర వేయాలి. మొత్తం పది కవర్లు, ఒక్కో పనికి నిమిషం అనుకుందాం. పదికి పది పూర్తయ్యాకే కట్టంతా పక్కవాళ్లకు ఇవ్వాలంటే మొదటి కవరు 31వ నిమిషానికి గానీ చేతికి రాదు, అన్నీ అయ్యేసరికి 40 నిమిషాలు. ఒక్కొక్కటీ అవగానే పక్కకు జరిపితే మొదటిది 4 నిమిషాలకే వస్తుంది, పదీ 13 నిమిషాల్లో అయిపోతాయి. మనుషులు వాళ్లే, చేతుల వేగం అదే. 1913లో ఫోర్డ్ కంపెనీ కారు ఛాసిస్‌ను (కారు అడుగున ఉండే చట్రం) కార్మికుల దగ్గరికే కదిలేలా చేసి, ఒక్కోదానికి పన్నెండున్నర గంటలు పట్టే బిగింపు పనిని గంటన్నరకు తెచ్చిన సంగతి అప్పుడు చెప్పండి, తేలిగ్గా ఎక్కుతుంది.

ఆ తర్వాత అతికించేవాళ్లకు రెండు నిమిషాలు పట్టేలా చేయండి. వాళ్ల ముందు కాగితాలు కుప్ప పడతాయి, ముద్ర వేసేవాళ్లు ఖాళీగా కూర్చుంటారు. కత్తిరించేవాళ్లు ఇంకా వేగం పెంచితే కుప్ప పెరుగుతుందే తప్ప కవర్లు పెరగవు. పరిష్కారం మీరు చెప్పకండి, కాసేపు గొడవ పడనివ్వండి.

కొలత తప్పు కత్తిరిస్తే ఏమవుతుందో కూడా చూపించండి. చివర్లో చెక్ చేస్తే చాలు కదా అని పిల్లలు అంటారు. కట్టలుగా చేసినప్పుడు ఆ తప్పు బయటపడేసరికి పదీ పాడైపోయి ఉంటాయి, ఒక్కొక్కటిగా జరిపితే మహా అయితే నాలుగు.

పరీక్ష పెట్టాల్సి వస్తే పెన్సిల్ ఇచ్చి, అది ఏ క్రమంలో తయారై ఉంటుందో రాయమనండి. గ్రాఫైట్, బంకమట్టి కలిపి కాల్చిన పుల్లల్ని గాళ్లు తీసిన రెండు చెక్క పలకల మధ్య జిగురుతో అతికించి, ఆ తర్వాతే విడివిడి పెన్సిళ్లుగా కోస్తారు. రంగు వేయని చివర జాగ్రత్తగా చూస్తే ఆ అతుకు గీత దొరుకుతుంది. క్రమం కాస్త అటూ ఇటూ అయినా, ఆ గీత చూసి చెక్క రెండు ముక్కలని రాసినవాళ్లకు మార్కులు వేసేయండి.