డ్రమ్ములు విప్పకముందే ఇది చదువు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ తాతగారి కారుకు ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు వేయిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. మంచి ఆలోచన. డ్రమ్ము (చక్రంతోపాటు తిరిగే గిన్నెలాంటిది) వేడెక్కితే వ్యాకోచించి, లోపలి నుంచి దాన్ని అదిమే షూలకి దూరం జరుగుతుంది, పెడల్ కిందికి దిగిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆ దిగడం ఎంత భయంగా ఉంటుందో నాకు తెలుసు. డిస్కుకి ఆ బాధ లేదు, గాలికి త్వరగా చల్లారుతుంది. 1953లో జాగ్వార్ సి-టైప్ డిస్క్ బ్రేకులతోనే లె మాన్ కార్ల పందెం గెలిచింది. కాబట్టి నీ ఆలోచనలో తప్పేమీ లేదు. నా భయమల్లా నువ్వు డిస్కులూ, వాటిని ప్యాడ్లతో పట్టి నొక్కే కాలిపర్లూ మాత్రమే కొని, పనైపోయిందనుకుంటావేమోనని.

డ్రమ్ములో ఒక సుగుణం ఉంది. తిరిగే డ్రమ్ము ముందు షూని తనతోపాటు లాక్కుని ఇంకా గట్టిగా అదుముకుంటుంది. అంటే నీ కాలికి సగం సాయం అదే చేస్తోంది. డిస్కుకి ఆ సాయం ఉండదు, నువ్వు ఎంత తొక్కితే అంతే పడుతుంది. అందుకే బూస్టర్ (ఇంజిన్ వాక్యూమ్‌తో నీ తొక్కుడికి బలం చేర్చేది) లేకుండా డిస్క్ వేసుకున్న చాలామంది "పాతదే నయం" అంటుంటారు. బూస్టర్ పెట్టుకో. ఇంజిన్ నుంచి దానికి సరిపడా వాక్యూమ్ వస్తోందో లేదో గేజ్ పెట్టి ముందే చూసుకో.

ఇక మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టేది. నేను దెబ్బతిన్నది ఇక్కడే. మొదటిసారి చేసినప్పుడు పాతదాన్నే ఉంచేశాను. పెడల్ రాయిలా గట్టిగా ఉంది, మురిసిపోయాను. కొంత దూరం వెళ్లాక బండిని ఎవరో వెనక్కి లాగుతున్నట్టు అనిపించింది. తర్వాత కాలిన వాసన. దిగి చూస్తే ముందు చక్రం మీద చెయ్యి పెట్టలేకపోయాను. జాకీ ఎత్తి తిప్పితే చక్రం కదల్లేదు. కాలిపర్ నిపుల్ (గాలీ ఆయిలూ బయటికి వదిలే చిన్న మర) కొద్దిగా వదులు చేయగానే బ్రేక్ ఆయిల్ చిమ్మింది, చక్రం హాయిగా తిరిగింది. డ్రమ్ బ్రేకుల మాస్టర్ సిలిండర్లలో లైనులో సుమారు 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడిని నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. డ్రమ్ముకి అది అవసరం. డిస్కుకి మాత్రం అది ఉంటే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి. నువ్వు ముందు డిస్క్, వెనక డ్రమ్ కోసం చేసిన మాస్టర్ సిలిండరే తెచ్చుకో. అది కాలిపర్ల కంటే కింద, ఫ్లోర్ అడుగున ఉండే బండి అయితే ఆయిల్ వెనక్కి జారకుండా ముందు లైనులో 2 పీఎస్ఐ వాల్వు వేయాలి.

పాత బండ్లలో చాలావాటికి నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే సర్క్యూట్, అంటే ఆయిల్‌కి ఒకటే దారి. ఎక్కడ లీకైనా మొత్తం బ్రేకులు పోతాయి. ఎలాగూ మారుస్తున్నావు కాబట్టి రెండు సర్క్యూట్లదే వేయి, ఇందులో బేరం వద్దు.

వెనక చక్రాల సంగతి మరవకు. బ్రేకు వేస్తే బరువంతా ముందుకి వస్తుంది, వెనక తేలికవుతుంది. వెనక చక్రాలు ముందే లాక్ అయ్యాయంటే బండి అడ్డం తిరుగుతుంది. వెనక లైనులో ప్రపోర్షనింగ్ వాల్వు (వెనక్కి వెళ్లే ఒత్తిడిని తగ్గించేది) పెట్టి, ఎవరూ లేని ఖాళీ మైదానంలో నెమ్మదిగా నడుపుతూ గట్టిగా తొక్కి చూడు. ఎప్పుడూ ముందువే మొదట లాక్ కావాలి.

పని మొదలుపెట్టేముందు కాలిపర్ బిగించి, టైరు లేని రిమ్ము తొడిగి తిప్పి చూడు, చాలాసార్లు పాత రిమ్ము తగులుతుంది. జాకీ మీదే నమ్మకం పెట్టుకుని పని చేయకు, స్టాండ్లు వేయి. పాత షూల దుమ్ముని గాలితో ఊదకు, అందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడిచెయ్యి. కొత్త డిస్కులకి తుప్పు పట్టకుండా రాసిన నూనెని బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా పోగొట్టు. హోస్ పైపులు బిగించాక స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఎక్కడా లాగడం, రాసుకోవడం లేవని చూసుకో.

బ్రేక్ లైన్లలో చేరిన గాలి తీసేటప్పుడు నిపుల్ కాలిపర్ పైభాగాన ఉందో లేదో చూడు. ఎడమది కుడికి, కుడిది ఎడమకి బిగిస్తే నిపుల్ కిందికి వస్తుంది. గాలేమో పైనే చిక్కుకుంటుంది. ఎంత ఆయిల్ పోసినా పెడల్ మెత్తగానే ఉంటుంది, లోపం ఎక్కడో తెలియక రోజంతా పోతుంది. బూస్టర్‌కీ మాస్టర్ సిలిండర్‌కీ మధ్య ఉండే పుష్‌రాడ్‌కి వెంట్రుకవాసి ఖాళీ ఉండాలి. పొడవెక్కువైతే మళ్లీ నాకు పట్టిన గతే నీకూ పడుతుంది.

అంతా అయ్యాక గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, ఓ పదిసార్లు తగ్గించి ప్యాడ్లు కుదుర్చుకో. తర్వాత చల్లారనివ్వు. మర్నాడు ప్రతి జాయింటూ గుడ్డతో తుడిచి, చెమ్మ ఉందేమో చూడు.

విప్పిన డ్రమ్ములు పారేయకు, నూనె రాసి దాచు. అవి తాతగారి బండివి. గాలి తీసే రోజు పెడల్ తొక్కడానికి ఇంకో మనిషి కావాలి కదా, ఏ రోజో చెబితే నేనే వస్తాను.

ఇట్లు,
మీ మామయ్య