తడి తగలనివ్వకు, బుజ్జీ

బుజ్జీ,

పాప పుట్టినరోజుకి స్ట్రాబెర్రీలు చాక్లెట్‌లో ముంచి పెడతానన్నావు. మంచి ఆలోచనే. కానీ నువ్వు ఇదివరకున్న హైదరాబాద్‌లో కుదిరినట్టు ఇక్కడ మన చెన్నైలో కుదరదు. పెరంబూరులో ముప్పై ఏళ్ళుగా ఈ ఉక్కతో కాపురం చేస్తున్నదాన్ని, నా మాట విను.

ముందు చాక్లెట్ సంగతి. ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడు. కోకో బటర్ అని ఉంటే అసలు చాక్లెట్. దాని బదులు వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే కాంపౌండ్. రుచికి మొదటిదే, అందులో వాదన లేదు. కాకపోతే దాన్ని 45 డిగ్రీల దాకా కరిగించి, కొంత తురుము కలిపి తిప్పుతూ 31, 32కి దించితేనే మెరుపు, పెళుసుదనం వస్తాయి. లేకపోతే తెల్లటి చారలు పడి, చేతికి అంటుకుంటుంది. మొదటిసారి, అందులోనూ ఇంటినిండా పిల్లలుండగా, ఆ టెన్షన్ నీకెందుకు? కాంపౌండే కొను. కరిగించి ముంచితే చాలు. ఇరవై పళ్ళకి 200 గ్రాములు సరిపోతుంది.

ఇక అసలు శత్రువు నీళ్ళు. నేను మొదటిసారి చేసినప్పుడు గరిటె కడిగి, సరిగ్గా తుడవకుండానే గిన్నెలో పెట్టాను. నిగనిగలాడుతున్న చాక్లెట్ చూస్తుండగానే తడిసిన ఇసుకలా ముద్ద కట్టేసింది. నీకూ అలా అయితే పారబొయ్యకు. వేడి పాలు చెంచా చెంచాగా పోస్తూ తిప్పు, సాస్ అవుతుంది, ఐస్‌క్రీం మీదికి పనికొస్తుంది. ముంచడానికి మాత్రం పనికిరాదు. చాక్లెట్ గిన్నెని మరిగిన నీళ్ళ గిన్నె మీద పెట్టేటప్పుడు స్టవ్ ఆపెయ్. ఆవిరి లోపలికి రాకూడదు, కింది నీళ్ళు పై గిన్నెకి తగలకూడదు.

స్ట్రాబెర్రీలు తొడిమ తీయకుండా కడిగి, పాత నూలుబట్టతో ఒక్కొక్కటీ అద్ది, ఫ్యాన్ కింద అరగంట ఉంచు. కోయంబేడులో పొద్దున్నే కొంటే ఆ రోజే ముంచి ఆ రోజే పెట్టెయ్. రాత్రికి వాటి రసం ఊరి, కింద చాక్లెట్ జారిపోతుంది. కమలా తొనలైతే పీచు తీసి గంటసేపు ఆరనిస్తే పైపొర కాగితంలా అవుతుంది, అప్పుడు ముంచు. అనాస జోలికి వెళ్ళకు. అరటిపండు ముక్కలకి పుల్లలు గుచ్చి, ఫ్రీజర్లో గట్టిపడనిచ్చి ముంచితే చాక్లెట్ క్షణాల్లో బిగుసుకుంటుంది. పిల్లలు ముందు వాటి మీదే పడతారు.

ముంచినవి బటర్ పేపర్ మీద పెట్టి, ఫ్రిజ్‌లో పది నిమిషాలుంచు, అంతే. ఎక్కువసేపు ఉంచి బయటికి తీస్తే మన గాలిలోని తేమంతా వాటి మీద చెమటలా పడుతుంది. గది ఏసీలో ఉంటే అసలు ఫ్రిజ్ అక్కర్లేదు.

నన్నడిగితే అన్నిటికన్నా మన ఆత్రేయపురం మామిడి తాండ్రే బాగుంటుంది. వేళ్ళంత ముక్కలు కోసి, సగం దాకా డార్క్ చాక్లెట్‌లో ముంచు. తడి గొడవ లేదు, వారం నిలవుంటుంది, పులుపూ చేదూ భలే కలుస్తాయి. నీ అత్తగారు మొహం చిట్లించినా ఒకటి తినిపించి చూడు.

శనివారం మీ బాబాయి మీ టీ నగర్ వస్తున్నారు, తాండ్ర ఆయన చేతికిచ్చి పంపుతాను. స్ట్రాబెర్రీలు మాత్రం నువ్వే తెచ్చుకో. ఆయన చేతికిస్తే నీ దగ్గరికి తొడిమలే చేరతాయి.

మీ పిన్ని