మిడ్‌వైఫ్ అంటే పాత మంత్రసానేనా? మా ఆవిడ కాన్పు ఆమె చేతిలో పెట్టొచ్చా?

మీ భార్యకు ఏడో నెల, దేవరకొండ దగ్గర తండా, పెద్దాసుపత్రిలో "అంతా బాగుంటే మిడ్‌వైఫే చూసుకుంటుంది" అన్నారు, భయంగా ఉంది అని రాశారు. నేను ఆ వైపే తండాల్లో ఆశ కార్యకర్తను. నేను చూసింది చెప్తాను.

మంత్రసాని కాదు తమ్ముడూ. మా నాయనమ్మ కాలంలో మంత్రసాని కొడవలితో బొడ్డు కోసేది. ఈమె నర్సింగ్ చదివి, ఆపైన 18 నెలలు కాన్పుల మీదే ట్రైనింగ్ అయిన మనిషి. మన తెలంగాణలో ఈ ట్రైనింగ్ 2017లో కరీంనగర్‌లో మొదలైంది. ఊళ్లోకి వచ్చే ఏఎన్‌ఎం (ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్) పేరులోనూ మిడ్‌వైఫ్ ఉంది కదా అంటారు. ఉంది, కానీ టీకాలు, సర్వేలు, రిజిస్టర్లతోనే ఆమెకు పొద్దు గూకుతుంది.

రెండేళ్ల కింద మా తండా పిల్లను తొలి కాన్పుకు తీసుకెళ్లాను. అంతకుముందు వాళ్లక్క కాన్పు ఇంకోచోట అయింది. అక్కడ "అరిస్తే బయటికి పంపిస్తా" అని బెదిరించి, బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. ఆ కథ వినే వచ్చింది ఈ పిల్ల, వణికిపోతూ. నొప్పులప్పుడు దానికి తెలుగు రాదు, అంతా లంబాడీలోనే. మిడ్‌వైఫ్ వాళ్లమ్మను లోపలికి రానిచ్చింది. నన్ను అడిగి నాలుగు లంబాడీ మాటలు నేర్చుకుంది. నడిపించింది, నడుము రుద్దింది, అరగంటకోసారి బిడ్డ గుండె విని చార్టులో రాసుకుంది. పద్నాలుగు గంటలు! నాకే ఓపిక పోయి "ఆపరేషన్ చేస్తే అయిపోదా మేడం" అన్నాను. "బిడ్డ గుండె బాగుంది, దారి తెరుచుకుంటోంది, తొందరేముంది అక్కా" అంది. తెల్లారేసరికి ఆడపిల్ల, మామూలు కాన్పు. అదే రాత్రి పక్క మంచంలో ఒకామెకు బీపీ పెరిగితే మాత్రం నిమిషం ఆగలేదు, డాక్టరును పిలిచేసింది. నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది అక్కడే.

మన దగ్గర ఆసుపత్రికి చేరడం ఇప్పుడు పెద్ద సమస్య కాదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే. కానీ మొత్తం మీద 60 శాతానికి పైగా ఆపరేషన్లు, ప్రైవేటులో అయితే 80 దాటింది. (ముహూర్తం పెట్టించుకుని కోయించుకునేవాళ్లూ ఉన్నారు, ఆ పాపం డాక్టర్లొక్కరిదే కాదు.) నొప్పులు పడేటప్పుడు పక్కన కూర్చునే మనిషి లేకపోవడమే అసలు లోటు. అలాంటి మనిషి జిల్లా కేంద్రంలో ఉంటే చాలదు. దేవరకొండలో ఉండాలి, నల్లమల అడవిలోని చెంచు పెంటల (గూడేల) కోసం అచ్చంపేటలో ఉండాలి. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చే ఆడవాళ్లకు మరీ అవసరం, చాలామందికి చేతిలో గర్భిణి కార్డు కూడా ఉండదు. నర్సింగ్ చదివిన మన తండా ఆడపిల్లలనే ఈ ట్రైనింగ్‌కు పంపితే భాష గొడవే ఉండదు.

ఇక మీ సంగతి. బీపీ, కవలలు, బిడ్డ అడ్డం తిరగడం, పాత ఆపరేషన్ ఉంటే డాక్టరే చూడాలి. రక్తం తక్కువుంటే ఆసుపత్రిలో ఇప్పుడే చెప్పండి. అవేవీ లేకపోతే నిశ్చింతగా వెళ్లండి. రాత్రి డ్యూటీలో మిడ్‌వైఫ్ ఉంటుందా అని ముందే కనుక్కోండి, అత్తగారిని వెంట ఉంచండి. కళ్లు మసకబారినా, ముఖం వాచినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా ఎవరి కోసమూ ఎదురుచూడకుండా 108కి ఫోన్ కొట్టండి.