ఆప్టికల్ పరమాణు గడియారం సీజియం గడియారం కంటే ఎందుకు కచ్చితం?

ఆప్టికల్ గడియారం సెకనును సీజియం గడియారం కంటే 46 వేల రెట్లకు పైగా సన్నటి ముక్కలుగా కోసి లెక్కిస్తుంది కాబట్టి.

సీజియం పరమాణువు స్పందించే మైక్రోవేవ్ సెకనుకు 919,26,31,770 సార్లు ఊగుతుంది. ఆప్టికల్ గడియారంలో వాడే స్ట్రాన్షియం పరమాణువు స్పందించే ఎర్రటి లేజర్ కాంతి అయితే సుమారు 429 లక్షల కోట్ల సార్లు. సెంటీమీటరు గీతలే ఉన్న స్కేలుతో మిల్లీమీటరు తేడా పట్టుకోలేం కదా, ఇదీ అంతే.

చిక్కల్లా ఆ ఊపులను లెక్కపెట్టడంలోనే. అంత వేగాన్ని ఏ ఎలక్ట్రానిక్ పరికరమూ నేరుగా అందుకోలేదు. ఫ్రీక్వెన్సీ కోంబ్ అనే లేజర్ ఆ పని చేస్తుంది: దాని కాంతిలోని పౌనఃపున్యాలు (సెకనుకు ఊపుల సంఖ్యలు) దువ్వెన పళ్లలా సమాన ఎడంతో ఉంటాయి, వాటితో పోల్చి కాంతి పౌనఃపున్యాన్ని మనం లెక్కించగల స్థాయికి దించుతారు. నిజంగా అద్భుతమైన ఉపాయం; 2005 భౌతికశాస్త్ర నోబెల్‌లో దీనికీ వాటా ఉంది.

ఈ గడియారాల కచ్చితత్వానికి ఒక ఉదాహరణ: ఎత్తు పెరిగేకొద్దీ కాలం కొంచెం వేగంగా నడుస్తుంది. అమెరికాలోని జిలా (JILA) అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆప్టికల్ గడియారంతో కేవలం 1 మిల్లీమీటరు ఎత్తులో వచ్చే ఆ తేడాను కొలిచి 2022లో ప్రచురించారు.

‘పరమాణు’ అనగానే రేడియోధార్మికత అనుకుంటారు చాలామంది. ఇక్కడ కేంద్రకం విచ్ఛిన్నం కాదు, ఎలక్ట్రాన్ ఒక శక్తిస్థాయి నుంచి మరోదానికి మారుతుంది, అంతే.